అణాల ధరల పట్టిక దొరికిన హోటలు: చిత్తూరులో ఒక పాత మిద్దె మరమ్మతు

చిత్తూరు హైరోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక వీధిలో పాత మిద్దె ఒకటి ఉంది. కింద భోజన హోటలు, పైన లాడ్జి గదులు. 2021 నవంబరులో తిరుపతి, చిత్తూరు ప్రాంతాలను ముంచెత్తిన వానలకు దాని వెనక వసారా కప్పులో కొంత భాగం రాత్రిపూట కూలింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కొన్నాళ్లకు ప్రమాదకర కట్టడం అని నోటీసు వచ్చింది. నోటీసులో తప్పేమీ లేదు, అప్పటికి ఆ మిద్దె నిజంగానే ప్రమాదంలో ఉంది. కుటుంబంలో సగం మంది కూల్చేసి కాంప్లెక్స్ కడదామన్నారు. హోటలు నడుపుతున్న పెద్దకోడలు మాత్రం, "తెలిసినవాళ్లు ఎవరైనా వచ్చి చూసి నిలబడుతుందో లేదో చెప్పనీండి. కూల్చేది ఎప్పుడైనా కూల్చొచ్చు" అని పట్టుబట్టారు. అలా ఈ పని నా దగ్గరికి వచ్చింది. నేను సివిల్ ఇంజనీరుని. ఉండేది తిరుపతిలో. సున్నంతో కట్టిన పాత కట్టడాలను బాగుచేయడం నా వృత్తి.

మన వైపు ఇలాంటి మిద్దెలు ఏటా కొన్ని నేలమట్టం అవుతున్నాయి. అడిగితే "ముసలిదైపోయింది సార్" అంటారు. నేను చూసినవాటిలో వయసు వల్ల పాడైనవి తక్కువ. ఆ కట్టడాన్ని ఒకప్పుడు ఎలా వాడేవాళ్లో మరిచిపోయి, ఆ వాడకానికి అడ్డం పడేలా చేసిన రిపేర్ల వల్ల పాడైనవే ఎక్కువ. నీళ్లు ఎటు పోయేవి, పొగ ఎటు పోయేది, మనుషులు ఎటు నుంచి వచ్చి ఎక్కడ కూర్చునేవాళ్లు, ఇవి తెలిశాకే గోడ మీద ఉలి పెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను. ఈ హోటలు విషయంలో ఆ పద్ధతి ఎలా పనికొచ్చిందో వివరంగా రాస్తున్నాను.

కోర్టు ఊరిలో హోటలు

చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకుముందు కూడా ఈ ఊరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రమే. కలెక్టరాఫీసు, కోర్టులు ఇక్కడే ఉండేవి. 1890ల్లో కాట్పాడి, పాకాల మధ్య మీటర్ గేజ్ రైలు వచ్చాక రాకపోకలు బాగా పెరిగాయి. వాయిదాకు వచ్చిన పల్లె రైతు ఆ రాత్రికి ఎక్కడో ఒకచోట పడుకోవాలి. బెల్లం మండీకి సరుకు తెచ్చినవాళ్లకూ అంతే. సత్రాలు, పూటకూళ్ల ఇళ్లు చాలక ఇలాంటి హోటళ్లు లేచాయి.

ఈ మిద్దె ప్లానులోనే ఆ గిరాకీ కనిపిస్తుంది. వీధి నుంచి రెండు వాకిళ్లు భోజనశాలలోకి తెరుచుకుంటాయి. మూడోది నేరుగా మెట్లెక్కి పైగదులకు పోతుంది. అర్ధరాత్రి రైలు దిగి వచ్చినవాడు వంటవాళ్లను లేపకుండా గదికి పోవడానికి వీలుగా కట్టారన్నమాట. మధ్యలో ఆకాశం కనిపించే తొట్టి, దాని చుట్టూ పైన గదులు, వెనక వంటిల్లు, ఆ వెనక బావి.

ఎప్పుడు కట్టారో కుటుంబంలో ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పారు. అందుకని ముందు కాగితాలు చూశాం. 1920లనాటి క్రయ దస్తావేజు చెక్కుబందీలో, అంటే హద్దుల వివరంలో, ఇది ఖాళీ స్థలం. అంటే మిద్దె ఆ తర్వాతదే. వంటింటి ఇనుప గర్డర్ల మీద డోర్మన్ లాంగ్, మిడిల్స్‌బరో అన్న ముద్ర ఉంది. ఇంగ్లండు నుంచి ఓడలో మద్రాసుకు వచ్చిన ఇనుము అది. ముందు భాగంలో దంతెలు, అంటే కప్పును మోసే అడ్డ దూలాలు, బర్మా టేకు. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించుకున్నాక ఆ కలప రావడం ఆగిపోయింది. కాబట్టి ముందు భాగం కట్టింది బహుశా 1920ల చివరికీ 1942కూ మధ్యలో. వెనక వసారా దంతెలు నాటు కలప, గోడలో ఇటుకలను అతికే మాలు సిమెంటు కలిపినది. అది తర్వాతి చేర్పు. కూలింది కూడా అదే.

ధరల పట్టిక

లోపలి హాలు గోడకు ఏళ్ల తరబడి కొట్టిన సున్నం, దానిమీద డిస్టెంపర్, ఆపైన ప్లాస్టిక్ పెయింటు ఉన్నాయి. తడి ఎక్కడిదాకా ఎక్కిందో చూడటానికి మొండి కత్తితో చిన్న చిన్న చోట్ల పొరలు తీస్తుంటే నల్లటి గీత ఒకటి కనిపించింది. పెయింటు గోక్కుంటూ పోతే "కాఫీ" అన్న మాట బయటపడింది. అక్కణ్నుంచి పని వేగం తగ్గించాం. పొర పొరకూ మధ్య కత్తి అంచు దూర్చి, పెచ్చును పైకి లేపి, బ్రష్షుతో తుడుస్తూ పోయాం.

రెండు పట్టికలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. పైదానిలో ధరల పక్కన న.పై. అని ఉంది, అంటే నయా పైసలు. కింది పట్టికలో అణాలు. మన దేశంలో రూపాయికి పదహారు అణాల లెక్క పోయి నూరు పైసల లెక్క వచ్చింది 1957 ఏప్రిల్ 1న. "నయా" అన్న మాటను 1964 జూన్‌లో తీసేశారు. కాబట్టి పై పట్టిక ఆ ఏడేళ్లలో రాసిందే. ఏ దస్తావేజూ ఇంత ఖచ్చితంగా చెప్పలేదు. రెంటిలోనూ ఒక వరస తెలుగు, ఒక వరస తమిళం. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయేదాకా ఈ జిల్లాలోనే ఉండేది. ఈ ఊరి బజారులో రెండు భాషలూ ఇప్పటికీ వినిపిస్తాయి.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి తర్వాత తెలిసింది. ఆ హాలు నేల ఎర్ర గచ్చు. దాని మీద అడ్డంగా, గోడ నుంచి గోడదాకా, నాలుగున్నర అంగుళాల వెడల్పున వేరే రంగు పట్టీ ఉంది. ఒకప్పుడు అక్కడ అడ్డుగోడ ఉండి, దాన్ని తీసేసి గచ్చు అతికారు. కింది అణాల పట్టిక ఆ పట్టీ దగ్గరికి రాగానే ఆగిపోయింది. పై నయా పైసల పట్టిక దాన్ని దాటి అవతలికి సాగింది. అణాల పట్టిక రాసినప్పుడు అడ్డుగోడ ఉంది, పైసల పట్టిక రాసేనాటికి లేదు.

ఆ అడ్డుగోడ ఎందుకుండేదో పెద్దకోడలి మామగారు దాచకుండా చెప్పారు. ఒక వాకిలి బ్రాహ్మణులకు, రెండోది మిగతా కులాలవాళ్లకు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆనాటి హోటళ్లలో ఇది మామూలే. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణం హోటళ్లలో, దుకాణాల్లో అందరికీ ప్రవేశం ఉండాలంది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. చట్టానికి భయపడి గోడ తీశారా, గిరాకీ కోసం తీశారా అన్నది గచ్చు చెప్పదు. ఎప్పుడు తీశారో మాత్రం చెప్పింది. పట్టికను రంగులు దిద్ది కొత్తగా చేద్దామని కుటుంబంలో కుర్రాళ్లు ముచ్చటపడ్డారు. నేను ఒప్పుకోలేదు. దిద్దితే అది మన రాత అవుతుంది, పైగా రెండు పొరల తేడా పోతుంది. సున్నపు తేటనీళ్లు పల్చగా పట్టించి, ఊడేచోట్ల అంచులు అతికి, అలాగే వదిలేశాం. నేల మీది పట్టీని కూడా కొత్త ఆక్సైడ్‌తో కప్పలేదు.

వెనక గోడలో కిటికీ

కుటుంబంతో ఎక్కువ మాటలు నడిచింది దీని మీదే. వంటింటి వెనక గోడలో, బావి వైపు, నడుము ఎత్తున ఒక చిన్న కిటికీ ఉంది. చువ్వలు లేవు. బయటి వైపు గుమ్మంగా నల్లరాతి పలక. పలక మధ్యలో రాయి కాస్త గుంటబడి నున్నగా అరిగిపోయి ఉంది. ఇటుకలు పేర్చి మూసేసి, పైన సిమెంటు పూశారు. మొదట అది నీళ్లు తోడిపోసే చోటు అనుకోవడానికి వీలుంది. కానీ బావి నుంచి నీళ్లొచ్చే తూము పక్కనే వేరేగా ఉంది.

దళితులను రెండు వాకిళ్లలో దేని నుంచీ లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. వాళ్లు సందు చుట్టి వెనక్కి వచ్చి, ఈ కిటికీ దగ్గర నిలబడి, తెచ్చుకున్న గిన్నెలో పోయించుకుని పోవాలి. ఈ సంగతి చెప్పింది ఇక్కడ పాతికేళ్లు వంట చేసిన ఆయన. వాళ్ల నాయన కూడా ఇక్కడే పనిచేశాడు.

గోడ మరమ్మతులో ఆ కిటికీని పూర్తిగా ఇటుకతో నింపేయమని మామగారు అడిగారు. "మా నాయన కాలంలో ఊరంతా అట్లే ఉండింది. మనమొకరమే రాసి పెట్టుకునేదెందుకు?" అన్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది. ఆయన చేసిన పని కాదు, ఆయన ఇంటి పేరు మీద పడుతుంది. కానీ ధరల పట్టికను చూపించి మురిసిపోయి, అదే గోడలోని ఈ కిటికీని మూసేస్తే మనం కాపాడింది చరిత్ర అవ్వదు. ఇది నా అభిప్రాయం, గట్టిగానే చెప్పాను.

నా మాట కంటే పనిచేసింది వేరొకరి మాట. పక్క ఊరి దళితవాడ పెద్దాయన ఒకాయన, చిన్నప్పుడు వాళ్ల అవ్వతో ఇక్కడికి వచ్చినాయన, కోడలు కబురు చేస్తే వచ్చారు. కిటికీ చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మూసేస్తే మేము ఇక్కడ నిలబడలేదని అవతాదా అమ్మా? ఉండనీ. పిల్లోళ్లు చూడనీ" అన్నారు. మామగారు ఇంకేమీ అనలేదు.

ఇటుకలు తీశాం. రాతిపలకను కదిలించలేదు. పక్కన చిన్న రాతిపలక మీద రెండు వాక్యాలు చెక్కించాం: ఒకప్పుడు ఈ హోటలులోకి దళితులను రానిచ్చేవారు కాదు, వారికి ఈ కిటికీ నుంచి ఇచ్చేవారు. రాత చిన్నగా ఉండాలని మామగారు, నిలబడి చదివేంత పెద్దగా ఉండాలని నేను. ఇద్దరికీ నడిమి సైజు ఒకటి కుదిరింది. పార్సిళ్లు ఇవ్వడానికి ఈ కిటికీ బాగా పనికొస్తుందని ఎవరో సలహా ఇచ్చారు. అది మాత్రం వద్దని కోడలే తేల్చేశారు. పార్సిలు కౌంటరు ముందు వాకిలి దగ్గరే ఉంది.

తడి సంగతి

ఇక గోడలు. ముందు హాలు గోడలకు నేల నుంచి నాలుగడుగుల ఎత్తుదాకా సిమెంటు ప్లాస్టరింగు ఉంది. దాని పైన ఇంకో రెండడుగుల మేర సున్నం ఉబ్బి, తెల్లటి ఉప్పు పేలి, పెచ్చులు రాలుతున్నాయి. ప్రతి రెండేళ్లకూ సిమెంటును ఇంకాస్త పైకి పూసుకుంటూ పోయారు. తడి కూడా దాంతోపాటే పైకి ఎక్కింది.

సున్నంతో పనిచేసే పెద్ద మేస్త్రీ ఒకాయన చంద్రగిరి వైపు నుంచి వచ్చారు. గోడను అరచేత్తో నిమిరి, "ఈ గోడ తడి తాగతా ఉండాది సార్. బయటికి పోనీకుండా మూసేసినారు" అన్నారు. ఇంజనీరింగు భాషలో చెప్పినా ఇదే. మట్టి ఇటుక, సున్నం మాలు నేలలోని తేమను పీలుస్తాయి. పైన సున్నపు పూత ఉంటే ఆ తేమ గోడ ముఖం నుంచి ఆవిరై పోతుంది. సిమెంటు పూత దాన్ని పోనివ్వదు. తడిబట్టకు ప్లాస్టిక్ కవరు తొడిగినట్టు అవుతుంది. తేమ సందు వెతుక్కుంటూ పైకి పోతుంది. పోతూ పోతూ గోడలోని ఉప్పును మోసుకెళ్లి, సిమెంటు ఆగినచోట బయటపడుతుంది. ఉప్పు గడ్డకట్టేటప్పుడు ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి ఇటుక ముఖం పొడి అవుతుంది.

అసలు ఇంత తడి ఎక్కణ్నుంచి? తొట్టిలో పడే వాననీళ్లు పాతకాలంలో నేల కింది రాతి కాలువ గుండా వీధి కాలువలోకి పోయేవి. వీధి రోడ్డు మీద తారు మీద తారు, ఆపైన సిమెంటు పోసుకుంటూ పోయేసరికి రోడ్డు హోటలు గడప కంటే ఎత్తయింది. కాలువ నోరు మూసుకుపోయింది. తొట్టిలో పడ్డ నీళ్లన్నీ పునాదిలోకి దిగుతున్నాయి. 2021 వానల్లో తొట్టిలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయట.

అందుకే ఖర్చులో మొదటి పద్దు గోడలకు పెట్టలేదు, కాలువకు పెట్టాం. తొట్టి నుంచి వెనక బావి వైపుకు వాలు మార్చి, రాతి కాలువను తవ్వి శుభ్రం చేసి, నీళ్లను బావి పక్కన ఇసుక, కంకర నింపిన గుంటలోకి మళ్లించాం. పొంగితే వెనక సందులోకి పోయేలా ఇంకో దారి పెట్టాం. కుటుంబానికి ఇది నచ్చలేదు. ఇంత ఖర్చయ్యాక కంటికి కనిపించే మార్పు ఒక్కటీ లేదని టెన్షన్ పడ్డారు. వాళ్లను తప్పుపట్టను. కానీ నీళ్లు ఆపకుండా గోడ ముట్టుకుంటే ఆ డబ్బు ఉప్పులో పోసినట్టే.

సంక్రాంతి వెళ్లాక సిమెంటు పూతను ఉలితో తీయడం మొదలుపెట్టాం. మిషను వాడనివ్వలేదు. దాని అదురుకు సున్నం మాలు సడలిపోతుంది. తీశాక ఎండాకాలమంతా గోడలను ఉత్తగా వదిలేశాం. మన జిల్లాకు నైరుతి వానలూ ఉన్నాయి, అక్టోబరు, నవంబరులో ఈశాన్య వానలూ ఉన్నాయి. గోడ ఆరడానికి దొరికేది సంక్రాంతి తర్వాత వానలు లేని నాలుగు నెలలే. మెత్తటి బంకమట్టిని తడిపి గోడకు పట్టించి, ఆరాక తీసేస్తే ఉప్పు మట్టిలోకి వస్తుంది. బాగా పేలినచోట్ల ఈ పని మళ్లీ మళ్లీ చేశాం. హోటలు మాత్రం మూయలేదు. ఒక హాలులో గోడలు ఆరుతుంటే ఇంకో హాలులో ఇడ్లీలు పెట్టారు. వచ్చినవాళ్లు ఉత్త ఇటుక గోడను చూసి అడగడం, కోడలు విసుగులేకుండా చెప్పడం రోజూ నడిచింది.

పొగ పోయే దారి

వంటిల్లు దగ్గర ఒక చిత్రం కనిపించింది. పాత కట్టెల పొయ్యిల మీద ఉన్న దంతెలు మసిపట్టి నల్లగా ఉన్నాయి. వాటికి చెదలు ముట్టలేదు. పొగ తగలని మూలలో దంతెలు గుల్లబారాయి. గ్యాసు వచ్చాక కప్పులోని పొగగూళ్లతో పనిలేదని సిమెంటుతో పూడ్చేశారు. అప్పట్నుంచి ఇడ్లీ గుండిగల ఆవిరికి పోయే దారి లేదు. తెల్లవారుజాము నుంచి రాత్రిదాకా ఆవిరి ఇనుప గర్డర్లకు తగిలి నీళ్లయి, గర్డర్లు తుప్పు పట్టాయి. ఇనుము తుప్పుగా మారితే అసలు లోహం కంటే ఎన్నో రెట్లు చోటు తీసుకుంటుంది. గర్డరు ఉబ్బి పక్క ఇటుకలను నెట్టింది, కప్పు పొడుగునా చీలిక వచ్చింది. అందరూ ఆ చీలికను పునాది దిగిందనుకున్నారు.

పొగగూళ్లు తెరిచాం, పైన వాన పడకుండా పెంకుల గొడుగు కట్టాం. గర్డర్లను తీగ బ్రష్షుతో తోమి, మిగిలిన మందం కొలిచి చూస్తే ఒక్కటి తప్ప అన్నీ పనికొస్తాయని తేలింది. ఆ ఒక్కదాని పక్కనే కొత్త ఉక్కు దూలం వేసి బరువు దానికి అప్పగించాం. ముద్ర ఉన్న పాతదాన్ని తీయలేదు. గ్యాసు సిలిండర్లు వెనక బయటికి పోయాయి. పాత రుబ్బురోలు వాడకంలో లేదు, తొట్టి పక్కన ఉన్నచోటే ఉంది.

మిద్దె

కప్పు మద్రాసు మిద్దె పద్ధతి. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ పని తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. టేకు దంతెలను అడుగు, అడుగున్నర ఎడంతో వేస్తారు. వాటి మీద ఆరంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న సన్న ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరసల్లో సున్నంతో పేరుస్తారు. దానిమీద మూడంగుళాల మందాన ఇటుక కంకర, సున్నం కలిపిన కాంక్రీటు. ఆ కాంక్రీటును మనుషులు వరసగా కూర్చుని చెక్క పలకలతో రోజుల తరబడి కొడతారు. కొడుతూ బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్లు చల్లుతారు. ఆపైన పలుచటి పెంకులు వరసలుగా వేసి వాలు తీస్తారు.

ఈ మిద్దె కారినప్పుడల్లా పైన సిమెంటు కాంక్రీటు పోశారు. తవ్వి చూస్తే నాలుగంగుళాల దాకా ఉంది. అంగుళం సిమెంటు కాంక్రీటు చదరపు మీటరుకు 60 కిలోలు. నాలుగంగుళాలకు 240. మనుషులు ఎక్కి తిరిగే మిద్దె మీద లెక్కలోకి తీసుకోవాల్సిన బరువు, కట్టడాల బరువులకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం, చదరపు మీటరుకు 150 కిలోలే. అంటే మిద్దె ఎక్కే మనుషులకని లెక్కగట్టే బరువు కంటే ఎక్కువ బరువు ఏళ్ల తరబడి ఆ దంతెల మీద ఉంది. దానికి తోడు వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకు, అది నిండితే ఒక టన్ను. ఇంత మోసి కూడా ముందు భాగం కూలలేదంటే ఆ టేకు గొప్పతనమే.

కింద సవుకు కట్టెలతో పోట్లు పెట్టి, పైనుంచి సిమెంటు పొరను చిన్న ముక్కలుగా తీశాం. రెండు పక్కలా సమానంగా తీసుకుంటూ రావాలి. ఒక వైపే ఖాళీ చేస్తే దంతెలు ఎగదన్నుతాయి. ట్యాంకు వెనక కొత్తగా కట్టిన స్టాండు మీదికి పోయింది. దంతెలను ఒక్కొక్కటీ సుత్తితో తట్టి, స్క్రూడ్రైవరుతో పొడిచి చూశాం. నడుమ గట్టిగా ఉండి, గోడలో దూరిన కొనలు మెత్తబడినవి ఎక్కువ. తడి గోడ చేసిన పని అది. పాడైన కొనను కోసేసి, పాత ఇళ్ల నుంచి తీసిన టేకును ఏటవాలు అతుకుతో చేర్చి బోల్టులు బిగించాం. అందుకు కలప కారైకుడి పాత కలప దుకాణాల నుంచి తెచ్చాం. కొత్త టేకు ఆరేటప్పుడు మెలితిరుగుతుంది, ఇది తిరగదు. గోడలో కొన చుట్టూ గాలి ఆడేంత సందు వదిలాం. ఆ సందులో మాలు నింపేయాలని ప్రతి బేల్దారికీ చెయ్యి ఊరుకోదు. పక్కనే నిలబడి ఆపాల్సి వచ్చింది.

సున్నాన్ని ముందే గుంటలో చల్లార్చి, నీళ్లు నిలిపి నెలలపాటు నానబెట్టాం. బెల్లం చిత్తూరు మండీదే. బెల్లం ఎంత వేయాలన్నది మేస్త్రీ చేతి లెక్క. తక్కువైతే మాలు చేతికి సాగదు. ఎక్కువైతే గట్టిపడదు, చీమలు కూడా పడతాయి. కరక్కాయ దంచి నానేసిన నీళ్లు రెండో రోజుకు టీ డికాక్షన్ రంగుకు వచ్చాక వాడారు. కొట్టే పనికి పలమనేరు వైపు నుంచి వచ్చిన ఆడవాళ్లలో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లకు మాత్రమే ఇది తెలుసు. మిగతావాళ్లు వాళ్లను చూసి నేర్చుకున్నారు. పలక దెబ్బకు డబ్ అని మోత పోయి, రాతి మీద కొట్టినట్టు ఖంగుమనే దాకా కొట్టారు. కొట్టినన్నాళ్లూ, ఆ తర్వాతా తడి గోనెలు కప్పి ఉంచాం. మన ఎండకు సున్నం ఒక్కసారిగా ఆరితే బీటలు వారుతుంది.

ఆ ఏడు ఈశాన్య వానలకు ముందు భాగంలో ఒక్క చుక్క దిగలేదు. మెట్ల పక్క మూలలో మాత్రం చెమ్మ కనిపించింది. అది మిద్దె తప్పు కాదు, పిట్టగోడ అడుగున తూము ఇరుకు. తూము పెద్దది చేశాం.

పైగదులు, రాబడి

ఇలాంటి కట్టడానికి చట్టం అండ తక్కువ. 1958 నాటి కేంద్ర చట్టం కిందికి రావాలంటే వందేళ్లు నిండాలి, జాతీయ ప్రాముఖ్యం ఉండాలి. ఊరి హోటలు అందులోకి రాదు. చంద్రగిరి రాజమహల్‌ను పురావస్తు శాఖ చూసుకుంటుంది. దీన్ని చూసుకోవాల్సింది ఇందులో వచ్చే ఇడ్లీ, కాఫీ డబ్బే. అందుకే పైగదుల వాడకం గురించి మిద్దె గురించి ఆలోచించినంత ఆలోచించాం.

లాడ్జిని మళ్లీ తెరవాలని కుటుంబం ఆశ. ఇప్పుడు గదికి అటాచ్డ్ బాత్రూం లేకపోతే ఎవరూ దిగరు. టేకు దంతెల మీద బాత్రూం కడితే పదేళ్లలో కొనలు మళ్లీ కుళ్లుతాయి. అది నేను చేయనని చెప్పాను. దీనికి బదులు పైగదులను వకీళ్ల ఆఫీసులకు అద్దెకు ఇద్దామన్నాను. కోర్టుల ఊరు కాబట్టి అడిగేవాళ్లు ఉన్నారు. ఇందులో ఒక చిక్కుంది. ఫైళ్లు దట్టించిన గదికి చదరపు మీటరుకు 500 కిలోలు లెక్కగట్టాలి, ఇంటి గదికైతే 200 చాలు. అందుకని బీరువాలన్నీ కప్పు బరువును మోసే గోడల పక్కనే ఉండాలని, గది నడుమ ర్యాకులు పెట్టకూడదని అద్దె కాగితంలోనే రాయించాం. రెండో మెట్లదారి వెనక వైపు ఇనుముతో కట్టాం, నిప్పు పుడితే దిగడానికి. పాత వైరింగు మొత్తం తీసేసి పైపుల్లో కొత్తది వేశాం.

మరమ్మతు ఖర్చు కొత్త కట్టడం కంటే తక్కువే అయింది. కానీ కాంప్లెక్స్ కడితే వచ్చే అద్దెతో పోలిస్తే ఈ అద్దె తక్కువ. ఆ మాట కుటుంబానికి మొదట్లోనే కాగితం మీద రాసి చూపించాను. తెలిసే ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఏటా చేయాల్సిన పనులు వంటింటి తలుపు లోపలి వైపు రాసి పెట్టారు. మే నెలలో తొట్టి కాలువ, తూములు శుభ్రం చేయాలి. సెప్టెంబరులో మిద్దె మీద మొలిచిన రావి, మర్రి మొక్కలు వేళ్లతో సహా తీయాలి. సంక్రాంతికి ముందు లోపలా బయటా సున్నమే కొట్టాలి, పెయింటు వద్దు. మిద్దె మీద ఏ పని అయినా సిమెంటు బస్తా పైకి ఎక్కకూడదు. ఈ చివరిదాన్ని కోడలు ఎర్ర రంగుతో రాయించారు.

కూలిన వెనక వసారా పని ఇంకా మిగిలి ఉంది. అక్కడ నాటు కలప పనికిరాదు, టేకుతో మిద్దె వేయాలంటే కలప చాలదు. తేలిగ్గా ఉంటుందని ఇనుప చట్రం మీద మంగళూరు పెంకులు వేద్దామని డ్రాయింగులు గీశాను. వసారా పునాది కిటికీ ముందు నుంచే పోతుంది కాబట్టి, అక్కడ స్తంభం రాకుండా ఎడం మార్చాం. వచ్చే ఎండాకాలం పని మొదలవుతుంది.